గట్టిగా వేసిన కేక

టక్సన్,
ఆదివారం సాయంత్రం.

మరిసేల అక్కకి,

నిన్న ఫోన్‌లో నా ఏడుపు విని, ఉద్యోగం మానేసి ఇంటికొచ్చెయ్యమన్నావు. అప్పుడు పనిలోకి వెళ్లాలని ఫోన్ పెట్టేశాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మా రెస్టారెంటు కిటకిటలాడిపోయింది. పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే. ఆర్డర్లు వచ్చిపడుతుంటే కంగారులో టోర్టియా రొట్టెలు మాడ్చేశాను. మా చెఫ్ యులాలియా తిడుతుందనుకున్నాను. ఆవిడ నా పొయ్యి కట్టేసి, "ఊపిరాడుతోందా పిల్లా?" అంది.

"లేదు చెఫ్."

"మరి నోరు మూసుకుని చస్తావా? ఇవాళ్టి నుంచి ఈ వంటింట్లో ఎవరికి చేతకాకపోయినా, మునిగిపోతున్నానని కేకెయ్యాలి. ఊఁ, నువ్వే మొదలుపెట్టు."

సిగ్గుతో చచ్చిపోతూనే కేకేశాను. వేపుళ్లు చేసే తిబుర్సియో బాబాయ్ పరుగున వచ్చి నా గరిటె అందుకున్నాడు. యులాలియా నన్ను బయటికి పంపి, నీళ్లు తాగి కాసేపు నీడలో కూర్చోమంది. నీకు ఫోన్ చేసింది అక్కడి నుంచే. లోపలికి వెళ్లేసరికి ఆర్డర్లన్నీ అయిపోయాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇవాళ రద్దీలో మళ్లీ కేక వినిపించింది. "మునిగిపోతున్నానర్రా!" చూస్తే తిబుర్సియో బాబాయ్! నేను పుట్టకముందు నుంచీ వంటిళ్లలో పనిచేస్తున్న మనిషి. నవ్వుకుంటూ అందరం ఆయన దగ్గరికి పరిగెత్తాం. తర్వాత భోజనాల దగ్గర, "ఇలా అడగొచ్చని నాకిన్నేళ్లూ ఎవరూ చెప్పలేదే," అంటూ కళ్లు తుడుచుకుని, నేరం ఉల్లిపాయల మీదికి నెట్టేశాడు.

నేనిక్కడే ఉంటానక్కా. ఏడ్చిన సంగతి అమ్మకి చెప్పకు. కేకేసిన సంగతి మాత్రం చెప్పు.

నీ చెల్లెలు