పెద్దాడిది, చిన్నాడిది

ఫిబ్రవరి 9

ఇవాళ్టి నుంచి సేకరణ మొదలు. మా పక్షుల సంరక్షణ కేంద్రంలో అడవికోడి పుంజులు రెండే. ఒకడికి ఎనిమిదేళ్లు, అసలు సిసలు అడవి రక్తం. కాలు కుంటి, పెట్టని ఎక్కలేడు. రెండోవాడికి మూడేళ్లు. వాడి తల్లి ఫారం కోడి అని టెస్టులో తేలింది, కాబట్టి పనికిరాడు. పెట్టలు గుడ్లకొచ్చేదాకా ఎనిమిదేళ్లవాడు ఉంటాడో లేదోనని డాక్టరు గారి భయం. అందుకే వాడి వీర్యం ఇప్పుడే ఫ్రీజ్ చేసి పెట్టాలి. మూడేళ్లవాడిది నా ప్రాక్టీసుకి.

కొత్త మొహం చూస్తే పుంజులు బెదురుతాయి. నేను షెడ్డు బయట బల్ల దగ్గరే. లోపలికి బాబాయ్ ఒక్కడే వెళ్తాడు. నాకేం చుట్టం కాదు, పక్షుల్ని చూసుకునే ఆయన, ఆఫీసు మొత్తానికీ బాబాయే. వీపు నిమిరి, తోక కింద రెండు వేళ్లతో నొక్కి, గాజు గొట్టంలో పట్టి తెస్తాడు. ఇది పెద్దాడిది, ఇది చిన్నాడిది అంటాడు. నేను లేబులు రాస్తాను. రెండు చుక్కలకి ఇంత హంగామా.

ఫిబ్రవరి 12

అమ్మ చుట్టాలందరికీ నాది బ్యాంకులో ఉద్యోగమని చెప్తోంది. ఏం బ్యాంకో మాత్రం చెప్పదు.

ఫిబ్రవరి 27

వీర్యం నింపి ఫ్రీజ్ చేసే సన్న గొట్టాల్ని స్ట్రాలంటాం. చిన్నాడివి ఇప్పటికి పద్దెనిమిది కరిగించాను. ఫ్రీజింగులో కణాలు బతకాలంటే గ్లిజరాల్ కలపాలి. కరిగించాక దాన్ని కడిగేయకపోతే గుడ్డులో పిల్ల కట్టదు. ఆ కడగడం ఇప్పటికి చేతికొచ్చింది. మైక్రోస్కోపులో నూటికి నలభై కదులుతున్నాయి. చూడటం అయ్యాక ఎప్పట్లాగే సింకులో పోసి నీళ్లు వదిలాను. పెద్దాడివి ముప్పై స్ట్రాలు నైట్రోజన్ ట్యాంకులో భద్రం. వాటి జోలికి పోలేదు.

మార్చి 8

పెట్టలు రెండూ గుడ్లు మొదలెట్టాయి. ఇంకో పది రోజుల్లో వాటికి వీర్యం ఎక్కించే పని.

మార్చి 14

పొద్దున్నే బాబాయ్ గోనెసంచి పట్టుకుని వచ్చాడు. చిన్నాడు పోయాడమ్మా అన్నాడు. అయ్యో అన్నాను. పోయింది పెద్దాడు కానందుకు లోపల హాయిగా కూడా అనిపించింది, సిగ్గు లేకుండా రాస్తున్నా. సంచి విప్పితే కుంటి కాలు. ఇది పెద్దాడు కదా బాబాయ్ అన్నాను. కాదమ్మా, పెద్దాడు లోపల కూస్తున్నాడుగా, వినపడట్లేదా అన్నాడు.

వినపడుతోంది.

ఆయన లెక్కలో పెద్దాడంటే ఒళ్లు పెద్దది. ఫారం రక్తంతో మూడేళ్లవాడు బలిసి ఉంటాడు. నా లెక్కలో పెద్దాడంటే వయసులో పెద్ద. నెల రోజులుగా ఇద్దరం ఒకే మాట అనుకుంటున్నాం, వేరే వేరే కోళ్ల గురించి.

మార్చి 14, సాయంత్రం

చిన్నాడని నేను లేబులు రాసినవే ఎనిమిదేళ్లవాడివి, మొత్తం ఇరవై నాలుగు. మిగిలినవి ఆరు. పద్దెనిమిది నా చేత్తో సింకులో పోశాను.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. ఆ ఆరింటికీ పెద్దాడని లేబుళ్లు మార్చి, ట్యాంకులో ఉన్న ముప్పై పాడయ్యాయంటే సరిపోతుంది. గంటసేపు అదే ఆలోచించాను. ఒట్టి పిరికిదాన్ని.

మార్చి 15

డాక్టరు గారికి చెప్పేశాను. కేకలేస్తారనుకున్నాను. పుంజుల కాళ్లకి నంబరు రింగులుంటాయి కదా, ఆ నంబరు ఎందుకు అడగలేదన్నారు. తట్టలేదండీ అన్నాను. పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి ఆరున్నాయి కదా, చెయ్యి వణక్కుండా చూసుకో అన్నారు.

బాబాయ్ నాకంటే ఎక్కువ ఏడ్చాడు. నా నోరు పడిపోనూ, అంతా నావల్లేనమ్మా అంటాడు. రాసింది నేను, అడగంది నేను, నీ తప్పేముంది అన్నాను. నిజంగానే నా తప్పు.

మార్చి 17

ఆరు స్ట్రాలూ ఐదు డిగ్రీల నీళ్లలో కరిగించాను. కడిగాను. బాబాయ్ పెట్టల్ని పట్టుకున్నాడు. ఒక్కోదానికి మూడు స్ట్రాలు. చెయ్యి వణకలేదు. ట్యాంకులో వాడివి ఇంకేం లేవు.

మార్చి 24

ఏడు గుడ్లు. ఇంక్యుబేటర్లో పెట్టాం. అన్నం సయించట్లేదు. బ్యాంకులో ఏమైనా గొడవా అని అమ్మ.

మార్చి 31

గుడ్లు లైటు మీద పెట్టి చూశాం. మొదటిది ఖాళీ, పిల్ల కట్టలేదు. రెండు, మూడు ఖాళీ. నాలుగు, ఐదు కూడా. డాక్టరు గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు. ఆరోదాంట్లో ఎర్రటి నరాలు, మధ్యలో చుక్క. నాకేం కనపడట్లేదమ్మా అన్నాడు బాబాయ్. ఆయన కళ్లజోడు నా కొంగుతో తుడిచి మళ్లీ చూపించాను.

ఏడోది ఖాళీ.

ఏప్రిల్ 10

డాక్టరు గారు నన్ను సెలవు పెట్టమన్నారు. గుడ్డుని వదిలి వెళ్లలేక పెట్టలేదు.

ఏప్రిల్ 16

పిల్లకి ఇవాళ రెండో రోజు. చెయ్యి చాపాను. ఫారం పిల్లలైతే వేళ్ల మీదికి ఎగబడతాయి. ఇది మూలకి పరిగెత్తి నక్కింది. మళ్లీ చాపాను, మళ్లీ నక్కింది. నన్ను అసలు నమ్మట్లేదు.

ఎంత సంతోషంగా ఉందో.