ఏడో బోల్టు

బోధన్,
17 నవంబర్ 2025, సోమవారం

చిరంజీవి తమ్ముడు మల్లికార్జున్‌కు,

పెద్దక్క రుక్మాబాయి దీవెనలు. నీకు, మరదలుకు, అంకితకు ఆ దేవుడు ఆయుష్షు, ఆరోగ్యం ఇవ్వాలె. పొద్దున పూజల మీ అందరి పేర్లు చెప్పిన. నీ పేరు కాడ కోపం వచ్చి ఆగిపోయిన. మళ్ల మొదటి నుంచి చెప్పిన.

ఫోన్ ఎందుకు చేయలేదంటే, ఫోన్‌ల నువ్వు నన్ను మాట పూర్తి చేయనియ్యవు. ఉత్తరానికి అడ్డం రాలేవు. చివరి దాకా చదువు.

హన్మాండ్లు కాక పది రోజుల నుంచి పనికి పోతలేడు. నిన్న ఆయన భార్య దేవవ్వ చిన్నమ్మ వచ్చి చెప్పింది. పానాల పెట్టె ఎత్తి బస్టాండు కాడి గ్యారేజీ మధుకర్‌కు ఇచ్చేసిండట. ముప్పై నాలుగేండ్లు మెకానిక్ పని చేసిన పెట్టె అది. అదొక్కటే అయితే నేను ఇంత రాయకపోదును. చాయ పెట్టుకుంటే స్టవ్ బంద్ చేసిన్నా లేదా అని చిన్నమ్మను పిలిచి చూపించుకుంటున్నడట. తలుపుకు గొళ్లెం పెట్టి వచ్చి, పెట్టిన్నా అని అడుగుతున్నడట. నా మతి నా దగ్గర లేదు అంటున్నడట. ఇది నీ నోరు చేసిన పని, మల్లికార్జున్.

ఆ శుక్రవారం సంగతి నువ్వు ఊరంతా ఒక తీరు చెప్పినవు. నేను చూసింది రాస్తున్న.

బాపు పోయినంక ఆరేండ్లు షెడ్డుల నిలబడ్డ కాంటెస్సా కారును మళ్ల నడిపిస్తనన్నవు. నాకు సంతోషమే. చెరుకు బండ్ల వెనుక ఫ్యాక్టరీ కాటా దాకా బాపు ఆ కార్లనే పోతుండె. కాని ఇంజిన్ విప్పి, కడిగి, నాలుగు నెలలు కూర్చింది ఎవరు? కాక. నువ్వు ఆదివారం ఆదివారం నిజామాబాద్ నుంచి వచ్చి ఫోటోలు దిగినవు.

గురువారం సాయంత్రం నేను గుడిల దీపం పెట్టి వచ్చేసరికి కాక పని ముగించి పోయిండు. ఇంజిన్ బ్లాకు మీద బాపు పాత ధోవతి కప్పి ఉండె. శుక్రవారం పొద్దున, కార్తీక పున్నమికి కందకుర్తి నుంచి తెచ్చిన గోదావరి నీళ్లతోటి పూజ చేసుకున్న. పదిన్నరకు రాహుకాలం, అంతలోపల బ్లాకు మీద మూత లెక్క హెడ్ కూర్చోవాలె అని నేనే అన్న. నువ్వు తొమ్మిదికి నలుగురు దోస్తులను ఏసుకొని వచ్చినవు, ఫోన్లు పట్టుకొని.

కాక ధోవతి తీసి, బోల్టులు దిగే రంధ్రాలల్ల ఒక్కసారి టార్చి ఏసి చూస్తనన్నడు. టైం లేదు కాకా, అక్క తిడ్తది అని నవ్వినవు. ప్యాకింగ్ పరిచి హెడ్ దించిండ్రు. కాక పది బోల్టుల మరలకు నూనె చుక్క రాసి చేతితోటి తిప్పి పెట్టిండు. బిగువు కొలిచే టార్క్ పానా మాత్రం నువ్వు గుంజుకున్నవు. వీడియోల నువ్వు పడాలె గద. నడుమ నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి అంచులకు పోవాలె, మూడు దఫాలల్ల బిగించాలె, పానా టిక్కుమంటే ఆగాలె అని కాక పక్కన నిలబడి చెప్తనే ఉన్నడు. రెండు దఫాలు మంచిగనే అయినయి. మూడోదాంట్ల, ఏడో బోల్టు కాడ, పానా టిక్కుమనకముందే లోపల ఠప్పుమన్నది. బ్లాకు పక్కకు వెంట్రుక లెక్క గీత పడ్డది.

కాక ఆ బోల్టు విప్పి వంగి చూసిండు. ఏదో చెప్పబోయిండు. నువ్వు చెప్పనియ్యలే.

పానా ఎవరి చేతిల ఉండె, మల్లికార్జున్? అయినా ముసలోనివైనవు, కండ్లు పోయినయి, మతి పోయింది, బాపు ఇంజిన్‌ను చంపినవు అన్నవు. కాకా అని పిలిచిన నోటితోటే ఒరే అన్నవు. పదేండ్లప్పుడు నీకు పానా పట్టుడు నేర్పిన చెయ్యి అది. ఆ చెయ్యి పట్టుకొని గేటు బయటికి నూకినవు. ఆయన కిందికి వంగి చెప్పులు తొడుక్కుంట ఎడమది కుడికాలికి పెట్టుకున్నడు. అది చూసి నీ దోస్తు ఒకడు నవ్విండు. సాయంత్రానికి ఆ తిట్ల ముక్క బోధన్‌ల ప్రతి ఫోనుకు చేరింది. పానా నీ చేతిల ఉన్న ముక్క అందుల లేదు. ఎవరు కోసిండ్రు?

బోల్టుకైనా మూడు దఫాలు ఇస్తరు. ఆయనకు నువ్వు ఒక్కటే ఇచ్చినవు.

నేను గడపల నిలబడి ఊకున్న. కార్తీకమాసం, నోటెంట చెడ్డమాట రావొద్దనుకున్న. అదేం పుణ్యమో నాకు ఇప్పటికి తెలుస్తలేదు. యాభై ఆరేండ్లల్ల నాకు ఇంత కోపం రాలే. జపమాల పట్టుకుంటే నీ మాటలే తిరుగుతున్నయి.

బ్లాకు ఎక్కడన్న పాతది ఎతుక్కుంటవు. అది నీ తిప్పలు. ఈ ఆదివారం మాత్రం రావాలె. ఆ నలుగురిని తీసుకొని రావాలె. అదే షెడ్డుల కాకను కుర్చీల కూర్చోబెట్టి, తప్పయింది అని చెప్పాలె. అది కూడ ఫోన్ల పట్టి అందరికి పంపాలె. రాకపోతే షెడ్డు తాళంచెయ్యి నా కొంగుకే ఉంటది. ఆ కారు ముఖం మళ్ల చూడవు. బాపు ఉంటే నీ చెంప మీద ఒక్కటి ఇచ్చి ఊకునేటోడు. నాకు అది చేతకాక రాస్తున్న.

దేవుడు నీకు బుద్ధి, నాకు ఓపిక ఇవ్వాలె.

నీ పెద్దక్క,
రుక్మాబాయి

తా.క.: ఇయ్యాల బుధవారం. ఉత్తరం కవర్ల పెట్టిన గని అంటించలే. షెడ్డుల కాక తువ్వాల కనబడితే ఇచ్చొద్దామని వాళ్లింటికి పోయిన. ఆ రోజు ఏం చెప్పబోయినవు కాకా అని అడిగిన. ఏడో బోల్టు కొనకు నీళ్లు అంటుకొని వచ్చినయి బిడ్డా, అన్నడు. రంధ్రం అడుగున నీళ్లుంటే వాటికి పోయే తొవ్వ ఉండదు, బోల్టు దిగినకొద్దీ అవి ఇనుమునే చీలుస్తయి, ఏడోదాని గోడ పల్చన అన్నడు. గురువారం పుల్లకు బట్ట చుట్టి పదింటినీ తుడిచిననే అనుకుంటున్న, తుడువలేదేమో, పిలగాడు అన్నది నిజమేనేమో అన్నడు.



శుక్రవారం పొద్దున ఆ ధోవతి ఎత్తింది నేను. పది రంధ్రాలు పొడిగ, తోమిన గిన్నెల లెక్క మెరుస్తున్నయి. బాపు పేరు చెప్పుకుంట ఒక్కోదాంట్ల సగం ఉద్ధరిణె గోదావరి నీళ్లు పోసిన. ఏ ఒక్కదానికి తక్కువ కావొద్దని చూసి చూసి పోసిన. పైన తడి ఉంటే కొంగుతోటి అద్ది, ధోవతి మళ్ల కప్పిన. రాహుకాలం అని తొందరపెట్టింది కూడ నేనే.

కాకకు అంతా చెప్పిన. కాళ్లు పట్టుకోబోతే పట్టుకోనియ్యలే. అయితే నేను తుడిచిననే అన్నట్టు గద బిడ్డా, అన్నడు. తుడిచినవు కాకా, నా కండ్లతోటి చూసిన అన్న. మళ్లొకసారి చెప్పుమన్నడు. చెప్పిన. లేచి లోపలికి పోయి ముగ్గురికి చాయ పెట్టుకొని వచ్చిండు. స్టవ్ బంద్ అయిందా అని చిన్నమ్మను అడగలే.

పైన రాసినదాంట్ల ఒక్క మాట కొట్టేయలే. నీళ్లు పోసింది నేను. ఆయనను గేటు బయటికి నూకింది నువ్వు. ఆదివారం రా. ముందు నేను చెప్త, తర్వాత నువ్వు చెప్పు. ఫోన్లు మొదలు నా దిక్కు పట్టుమను.