బి సెక్షన్ వాళ్ల ప్రోగ్రామ్

జూన్ 24
కంప్యూటర్ ల్యాబ్ పీరియడ్లు సగం కొత్తగా చేరిన టీచరుకి ఇచ్చేశారు. ఇన్నేళ్లూ ఆ ల్యాబ్‌ని పసిబిడ్డలా సాకింది నేను. ఎనిమిదో తరగతి ఎ సెక్షన్ నాకు, బి సెక్షన్ ఆవిడకి. మా అమ్మాయి బి లోనే ఉంది. టీచర్లు సొంత పిల్లలున్న సెక్షన్‌కి చెప్పకూడదని ప్రిన్సిపాల్ గారి రూలు. పోనీలే అనుకున్నాను. అనుకున్నానంతే.

జులై 3
ఆవిడ పాఠం చెప్పే తీరు చూడాలి. పిల్లల్ని కంప్యూటర్ల దగ్గరికే పోనివ్వదు. వరండాలో ఒకణ్ణి నిలబెట్టి వీడు రోబో అంటుంది. మిగతావాళ్లు వాడికి ఆర్డర్లు వెయ్యాలి: ముందుకి నడు, కుడివైపు తిరుగు, తలుపు తియ్యి. వాడెళ్లి గోడకి గుద్దుకుంటే అందరూ ఒకటే నవ్వు. తర్వాత ఎక్కడ తప్పు చెప్పామా అని మొదటినుంచీ వెతుక్కోవడం. దీనికి జీతం కూడానూ! ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, బాగానే ఉందే అన్నారు. ఈయనొకరు.

జులై 11
అన్నం తినేటప్పుడు కూడా మేడమ్ అలా అన్నారు, మేడమ్ ఇలా అన్నారు. మా అమ్మాయికి మేడమ్ అంటే నేను కాదు. ఒళ్లు మండిపోయింది.

జులై 19
యూనివర్సిటీ నుంచి రీసెర్చ్ చేసే అబ్బాయి వచ్చాడు. స్కూలు పిల్లల్లో కంప్యుటేషనల్ థింకింగ్, అంటే సమస్యని మెట్టు మెట్టుగా విడదీసి ఆలోచించడం, దేనివల్ల పెరుగుతుందో తేలుస్తాడట. ఇంట్లో కంప్యూటర్ ఉండటం వల్లా, లెక్కలు బాగా రావడం వల్లా, అమ్మానాన్నల చదువు వల్లా, టీచర్ వల్లా అని. రెండు సెక్షన్లకీ తప్పులున్న ప్రోగ్రామ్ ఇచ్చి సరిచెయ్యమన్నాడు.

నా పిల్లలు వెంటనే చేతులెత్తేశారు, మేడమ్ రావట్లేదు అంటూ. అలవాటు. ఎవరికి ఆగిపోయినా మౌస్ లాక్కుని నేనే సరిచేసేస్తాను. బెల్లు కొట్టేసరికి అందరి ప్రోగ్రాములూ నడుస్తాయి. ఇవాళ నన్ను దగ్గరికి రానివ్వలేదు. బి సెక్షన్ వాళ్లు గొణుక్కున్నారు, పోట్లాడుకున్నారు, చివరికి పట్టేశారు. ఇళ్లలో కంప్యూటర్లున్నది నా సెక్షన్‌లోనే ఎక్కువట, అతను తెగ ఆశ్చర్యపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అదే రోజు, సాయంత్రం
ఏదైనా కష్టంగా ఉంటే నన్నడుగు అని మా అమ్మాయికి చెప్పాను. వద్దమ్మా, నువ్వు చేసిపెట్టేస్తావు అంది. చేసిపెడితే తప్పేమిటి?

ఆగస్టు 2
ఇంటర్‌స్కూల్ పోటీకి బి సెక్షన్ ప్రోగ్రామ్ వెళ్తోంది. లైబ్రరీలో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చెబుతుంది. టీమ్ లీడర్ మా అమ్మాయి. సంతోషించాలి. సంతోషించాను కూడా, ఆవిడ మా అమ్మాయి భుజం మీద చెయ్యేసి ఫొటో దిగేదాకా.

ఆగస్టు 9, సాయంత్రం
రేపు ప్రిన్సిపాల్ గారి ముందు డెమో. ల్యాబ్‌కి తాళం వెయ్యడానికి వెళితే వాళ్ల సిస్టమ్ ఆన్‌లోనే ఉంది. ఒక్క లైను మార్చాను. ఎక్కువైతే అని ఉన్నచోట తక్కువైతే అని పెట్టి సేవ్ చేశాను. రేపు ఆవిడ మొహం చూడాలి, అంతే. మా అమ్మాయి మొహం గుర్తుకే రాలేదు, ఒట్టు.

ఆగస్టు 10
ఏ పుస్తకం అడిగినా ప్రోగ్రామ్ తప్పు బీరువానే చూపించింది. ఆవిడ కదల్లేదు, చేతులు కట్టుకుని నిలబడింది. మా అమ్మాయి ఒక్కో లైనూ చదువుకుంటూ వెళ్లి ఆ లైను దగ్గర ఆగింది. దిద్దింది. నడిచింది. ఎవరి పని ఇది అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. నేనే సార్, సరిగ్గా చూసుకోలేదు అంది. ఇంత నిర్లక్ష్యమైతే ఎలా అని ఆయన లీడర్‌గా ఇంకో అమ్మాయిని పెట్టారు. నేను అక్కడే ఉన్నాను.

ఇంటికొచ్చి మా అమ్మాయి బ్యాగు కూడా దించకుండా నా ఎదురుగా కూర్చుంది. నిన్న వాళ్లు వెళ్లేముందు రన్ చేసి చూశారట, బాగానే ఉందట. ఫైలు చివరిసారి సేవ్ అయిన టైము చూస్తే, వాళ్లంతా బస్సెక్కాకట. అప్పుడు తాళం ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు.

"ఇంకెవరైనా అయ్యుండొచ్చేమోనని అన్ని రకాలుగా చూశానమ్మా. నువ్వు కాకూడదనే చూశాను."

తిట్టినా బాగుండేది.

ఆగస్టు 11
నిజం చెప్పేద్దామని ప్రిన్సిపాల్ గారి గదిదాకా వెళ్లాను. లోపల ఆవిడ కూర్చుని ఉంది. వెనక్కొచ్చేశాను.

ఆగస్టు 12
మా అమ్మాయి లాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ పెట్టుకుంది. తను స్నానానికి వెళ్లినప్పుడు నా పుట్టినరోజు కొట్టి చూశాను. నా పేరు కొట్టాను. తెరుచుకోలేదు. ఆవిడ పేరు కొట్టడానికి చేతులు రాలేదు.