గేటు నుంచి పోర్టికో దాకా

చందానగర్
జూలై 1999, ఆదివారం రాత్రి

గేటు నుంచి పోర్టికో దాకా ఏం పరవాలో ఈ రోజు తేలిపోయింది. మేస్త్రీ మూడు రకాలు తెచ్చి వాకిట్లో పెట్టాడు. షాబాద్ బండ, బూడిదరంగు టైలు, ఎర్ర టైలు.

"గీ ఎర్రది ఏస్తే మస్తుగుంటది మేడం. వాన పడ్డా టైరు జారది," అన్నాడు.

"ఏది బాగుందో నువ్వే చెప్పు, ఇల్లు నీది," అన్నారు మా ఆయన. అత్తయ్య కూడా, "నీ ఇష్టమేనమ్మా," అన్నారు.

ఎంత ముద్దుగా అడిగారో! నేను మూడింటి మీదా నీళ్లు పోసి, చెప్పులు విప్పి తొక్కి మరీ చూశాను. సంబరపడ్డాను కూడా, పిచ్చిదాన్ని.

అప్పుడు మేస్త్రీ, "ఆ పక్క గేటు ఇయ్యాల్నే మూసెయ్యాల్నా సార్?" అన్నాడు.

నా స్కూటర్ వెళ్లేది ఆ గేటు నుంచే. నైరుతిలో గేటు ఉండకూడదని వాస్తు ఆయన చెప్పాడట. ఇక మిగిలింది కారు నిలబెట్టే ఈ దారే. కారు ఉంటే పక్కన మనిషే ఒదిగి నడవాలి, స్కూటర్ పట్టదు. మాదాపూర్‌లో అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసే నా ట్రాన్స్‌క్రిప్షన్ షిఫ్టు పొద్దున ఆరింటికి. ఈయన ఎనిమిదికి గానీ లేవరు.

"మరి నేనెలా వెళ్లాలి?"

"నన్ను లేపు, కారు తీస్తాను. దానికేముంది?"

రోజూనా? ఆయన మొదటిసారి విసుక్కున్న రోజు అత్తయ్య ఏమంటారో ఇప్పుడే వినిపిస్తోంది. ఉద్యోగం మానేయమని ఎవరూ అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని.

చివరికి ఎర్రదే వేయమన్నాను. నా సెలక్షన్ బాగుందని అందరూ మెచ్చుకున్నారు.