చూడకుండా వేసిన చుక్కలు

నవంబరు 3
ఉదయం ఏడున్నర, డాబా. టెలిస్కోపు వెనక తెల్ల అట్ట మీద అరచేతంత సూర్యుడు. ఐదు గుంపులు, ముప్ఫైరెండు మచ్చలు — అని రాశాను. నాకు కనబడినవి ఇరవై లోపే. మిగతావి ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మ చూశాక కనబడ్డాయి. కనబడ్డాయా… ఉన్నాయని తెలిసి పెన్సిలే చుక్కలు పెట్టిందా?
నియమం ఒక్కటే. ముందు నీ లెక్క రాసుకో, ఆ తరవాతే ఎవరి బొమ్మయినా చూడు. పదకొండేళ్లు తప్పలేదు. జూలైలో రెండు కళ్లూ మసకేశాయి. అప్పటి నుంచి రోజూ తప్పుతున్నాను.

నవంబరు 4
మబ్బు. లెక్క లేదు. హాయి.

నవంబరు 5
నేను రోజూ లెక్కలు పంపే విదేశీ కేంద్రం నుంచి మెయిలు. ఈమధ్య నా లెక్క చాలా నిలకడగా ఉందట! జనవరి నుంచి మిగతా దేశాల వాళ్ల లెక్కల్ని నాదానితో సరిచూస్తారట. సూర్యుడి జోరు ముందుగా అంచనా వేసేది వాటితోనే. పదో తేదీలోగా ఒక ఫారం నింపాలి — 'ఏ చిత్రమూ చూడకుండా లెక్కపెట్టినవే' అన్న చోట టిక్కు పెట్టి.
టిక్కు పెట్టలేను. మానలేను.

నవంబరు 6
మావారు ఆ మెయిలు చదివేశారు. మా ప్రిన్సిపాల్‌కి ఫోను కూడా అయిపోయింది. పదో తేదీ సోమవారం కాలేజీలో శాలువా కప్పుతారట.
పక్క డాబా మీద బట్టలు ఆరేస్తూ నూకరత్నంగారు — "మేడంగారూ, మా ఆయన ఫోనెత్తలేదేటంటే సూర్యుడిలో తుఫానంటన్నాడు. నిజమేనేటి?"
"కాదండీ."
"అదీ! సాయంత్రం రానీండి, సెప్తాను ఆడి పని."
ఎన్నాళ్లకో అంత గట్టిగా ఒక మాట చెప్పాను.

నవంబరు 7
కంటి డాక్టరు: శుక్లం. ఆపరేషన్‌తో పోతుందట. చూపు తిరిగొస్తుంది. ఈ నాలుగు నెలలు రావు.
ఒప్పుకుంటే ఈ నాలుగు నెలలే కొట్టేస్తారా, పదకొండేళ్లూనా? నేనైతే పదకొండేళ్లూ కొట్టేస్తాను.

నవంబరు 8
ఆయనతో చెప్పేశాను. అన్నం కలుపుతూ విన్నారు.
"ఆ మచ్చలు అక్కడున్నాయా లేవా?"
"ఉన్నాయి."
"మరి అబద్ధమేటే ఇందులో?"
"నేను చూడలేదండీ."
"సర్లే, నీదంతా సోద్యం. పెరుగెయ్యి."
ఉన్నవే రాశాను. అయినా అబద్ధమే. ఇంట్లో ఎవరికి చెప్పను ఇది? బహుశా నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో…

నవంబరు 9
ముప్ఫైనాలుగు మచ్చలని పంపాను, ఫోను చూసే. ఫారం తెరిచాను. మూశాను.

నవంబరు 10
ఫోను కిందే వదిలి డాబా ఎక్కాను. నాలుగు గుంపులు, పంతొమ్మిది మచ్చలు. పెన్సిలు కాదు, పెన్నుతో రాశాను. దిగొచ్చి లాప్‌టాప్ ముందు కూచున్నాను, జూలై సంగతంతా వాళ్లకి రాసేద్దామని.
ఫారం అప్పటికే వెళ్లిపోయింది.
"ఆఖరి రోజు కదా, నువ్వెలాగూ తేల్చవని నేనే టిక్కు పెట్టి పంపించేసేను," అన్నారు, షర్టు గుండీలు పెట్టుకుంటూ. "బేగి తెములు. ప్రిన్సిపాలు గారు రెండుసార్లు ఫోను చేసేరు."
ఇప్పుడు నిజం రాస్తే ఆయన పనీ బయటపడుతుంది. రాయకపోతే, నా చేత్తో పెట్టని టిక్కు నాదే అయిపోతుంది.
కింద బండి స్టార్ట్ చేశారు. ఈ రోజు లెక్క ఇంకా పంపలేదు. పంతొమ్మిది పంపితే నిన్నటి ముప్ఫైనాలుగు ఏమైపోయాయని అడుగుతారు…
అడగనీ. పంతొమ్మిది కొట్టాను. ఇది రాస్తుంటే ఎడమచేతి వేలు ఇంకా పంపే మీట మీదే ఉంది.