ఐదో మనిషి జాగా

ఫిబ్రవరి 9, 2025. ఆదివారం

మా ఆయన దేవేందర్ పోయి రెండు వారాలైంది. చుట్టాలంతా వెళ్లిపోయారు. మా అమ్మాయి కరుణకు ఎమ్మెస్సీ పరీక్షలు, లైబ్రరీకి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయన ఉన్నప్పుడు కూడా ఆదివారం సాయంత్రాలు నేనొక్కదాన్నే.

లిఫ్టులు రిపేరు చేసేవాడు. ముషీరాబాద్‌లో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే కంచం ముందు నుంచి లేచి పోయేవాడు. పండగ లేదు, జ్వరం లేదు. కరుణ చదువు, ఈ తార్నాక ఫ్లాటు, అంతా ఆ చేతుల కష్టమే. పని లేని కాస్త టైము యూనివర్సిటీ క్యాంపస్‌లో బాల్ బ్యాడ్మింటన్, ఐదుగురి జట్టు. ఆ కోర్టులోనే, ఆడుతూ ఆడుతూ పడిపోయాడు. యాభై రెండేళ్లు.

ఫిబ్రవరి 11

మల్కాజ్‌గిరి నుంచి ఎవరో ఫోన్ చేశారు, లిఫ్టు ఆగిపోయిందట. ఆయన రాడని చెప్పాను. ఎందుకు రాడో చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 15, సాయంత్రం ఆరు

కొమురెల్లి అన్న వచ్చాడు. హాస్టల్ మెస్‌లో వంట చేస్తాడు. ఆయనతో ఎన్నో ఏళ్లుగా ఆడినవాడు. ఆయన బ్యాట్ తెచ్చాడు. నేను తీసుకోలేదు. గడపలోనే నిలబడి ఏడ్చాడు.

"చెల్లే, ముందటి ఆదివారం గూడ ఛాతిల నొస్తున్నదన్నడు. గ్యాస్ అయ్యుంటది, ఇంట్ల చెప్పకు, స్వరూప పరేషాన్ అయితదన్నడు. నేను చెప్పకపోతి."

తలుపు వేసేశాను.

వారం. వారం రోజులు చేతిలో ఉన్నాయి. చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాన్ని కదా డాక్టర్ దగ్గరికి. తార్నాకలో ఎటు తిరిగినా హాస్పిటలే.

ఫిబ్రవరి 16

జట్టులో ఆ మిగతా నలుగురూ కలిసి మీ నాన్నను చంపారని కరుణతో అన్నాను. "నాన్న నీకు గూడ చెప్పలే గదమ్మా" అన్నది. అన్నం తినకుండా పడుకుంది.

ఫిబ్రవరి 20

వాళ్లింకా ఆడుతున్నారట. కరుణ క్లాసు నుంచి వస్తూ చూసిందట. ఎట్లా మనసొప్పుతోంది? ఆదివారం పోతాను. మొహం మీదే అడిగి వస్తాను.

ఫిబ్రవరి 23. ఆదివారం

పోయాను. క్యాంపస్ లోపలి దాకా నడుస్తూ, ఏమేం అడగాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆట నడుస్తోంది. అవతల ఐదుగురు. ఇవతల నలుగురే. వెనక ఎడమ పక్క జాగా ఖాళీ. అవతలివాళ్లు కొట్టిన ఉన్ని బంతి వచ్చి అక్కడే పడుతోంది. ఒక్క అడుగు వేస్తే అందుతుంది. ఎవరూ అటు కాలు పెట్టడం లేదు. బంతి మట్టిలో దొర్లాక కొమురెల్లి అన్న నెమ్మదిగా పోయి, ఏరి, అవతలికి విసురుతున్నాడు. పాయింటు వాళ్లకు పోతోంది. మళ్లీ అదే.

గట్టు మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. రిటైరైన లెక్చరర్ శ్రీనివాసరావు గారట. నేనెవరో తెలియదు. ఆయనే చెప్పాడు. "ఆ ప్లేసులో దేవేందర్ అని ఒకాయన ఆడేవాడమ్మా. ఏం కేకలు, ఏం నవ్వు! హాస్టల్లో పిల్లలు కిటికీల్లోంచి చూసేవాళ్లు."

ఏ దేవేందర్? మా ఇంట్లో ఆయన గొంతు పక్క గదిలోకి కూడా వినిపించేది కాదు. వచ్చేవాడు, స్నానం చేసేవాడు, తినేవాడు, టీవీ ముందే నిద్రపోయేవాడు. అలసిపోయిన మనిషే నాకు తెలుసు. ఆ నవ్వు నేను ఒక్కసారీ వినలేదు. ఆయన రమ్మనలేదు. నేను వస్తాననలేదు. ఇల్లు దాటితే పది నిమిషాల దూరం.

బంతి మళ్లీ ఆ ఖాళీలోనే పడింది. అడగాలనుకున్న మాట ఒక్కటీ రాలేదు. ఇంకేదో వచ్చింది.

"గాడ ఎవర్నన్న నిలవెట్టుండ్రి అన్నా! ఊకె గట్ల మట్టిల పడుతుంటె నేనెట్ల చూడాలె?"

ఆట ఆగిపోయింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. కొమురెల్లి అన్న బంతి చేతిలో పట్టుకుని, "ఎవర్ని నిలవెట్టాలె చెల్లే?" అన్నాడు.

నిజంగానే అడిగాడు. నాకేం తెలుసు? వచ్చేశాను.

ఫిబ్రవరి 27

ఆ జాగాలో గోల్నాక నుంచి పరుశురాం అని ఒకతన్ని పెట్టుకున్నారట, కరుణ చెప్పింది. ఆటో నడుపుతాడట. మంచిదే అన్నాను.

మార్చి 2. ఆదివారం

గెలిచారట.

నేనే కదా నిలబెట్టమన్నది. ఆయన లేకుండా ఎందుకు గెలిచారు?