ఏనుగును కడిగేసిన చేతులు

ఆదివారం, అల్వాల్

మా మొదటి కార్టూన్ సినిమాలో ఏనుగును తనే గీశానని, అప్పట్లో నాతో పనిచేసిన యాదగిరి నిన్న టీవీలో చెప్పుకున్నాడు. గీసింది నేను. వాడు రంగులు నింపాడంతే. పొద్దున్నే ఫోన్ చేసి నిలదీశాను.

"బొమ్మ ఉంటే సూపెట్టు అన్నా. షీట్లన్నీ నువ్వే కడిగినవ్ గదనే!" అని నవ్వాడు.

నిజమే. అప్పట్లో బొమ్మలు గీసే ప్లాస్టిక్ షీట్లు సులువుగా దొరికేవి కావు. కాగితం మీద కాకుండా నేరుగా ఉన్న కొన్నింటి మీదే గీసి, కెమెరాతో ఫొటో తీయగానే సబ్బునీళ్లతో కడిగి మళ్లీ వాడేవాణ్ణి. వెతికితే ఇంటి నిండా పుస్తకాలున్నాయి, ఆ ఏనుగు బొమ్మ ఒక్కటీ లేదు.

తర్వాత ముప్ఫై ఏళ్లు విదేశీ కార్టూన్లకు తెలుగు డబ్బింగ్ చేయించాను. వాటిలో బొమ్మలు గీసిన ప్రతివాడి పేరూ తెర మీద చదివాను. మా సినిమాలో ఎవరి పేరూ లేదు. పేర్లు వేద్దామని ఆ రోజు అడిగింది యాదగిరే. పేర్లు రాయడానికి రెండు షీట్లు దండగని వద్దన్నది నేను.